చిన్న వాక్యము – స్పష్టమైన మాట
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



ఈ శుభసమయమున నన్నొక ఉపన్యాసము చేయుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను చాల సంకోచించితిని. నేను పండితుడను కాను. కళాశాల గడప త్రొక్కినవాడను కాను. ఊరి లెక్కలు వ్రాయువాడను. మా తండ్రిగారు పట్వారీ పని చేసిరి. 1984లో ఆ ఉద్యోగములు రద్దయిన తరువాత వారి కలము, లెక్కలపెట్టె మా ఇంట మిగిలినవి. సహకార సంఘపు ఖాతాలు, రైతుల అర్జీలు, అప్పుపత్రములు, పంపకపు కాగితములు వ్రాయుటలోనే నా తల నెరసినది. నాకు వచ్చిన నాలుగు సాహిత్యపు ముక్కలును ఈ గ్రంథాలయము పెట్టిన భిక్షయే. ఇరువదియైదేండ్ల క్రిందట ఇచట ఒక గది, రెండు బీరువాలు, కరెంటు పోయిన రాత్రులకొక లాంతరు మాత్రమే ఉండెడివి. ఆ బీరువాలలో ఒకదానియందు వావిళ్లవారి భారత సంపుటములు దొరకినవి. పగలు లెక్కలు, రాత్రి భారతము. శబ్దరత్నాకరమును ప్రక్కన పెట్టుకొని ఒక్కొక్క పద్యమును విప్పుకొంటిని.

కావున పాండిత్యమును గూర్చి గాక, నాకు తెలిసిన పనిని గూర్చియే చెప్పెదను. ఆ పని వాక్యము వ్రాయుట. వాక్యము వ్రాయుట ఎవరికి రాదని మీరనుకొనవచ్చును. నేనును అట్లే అనుకొంటిని. కాని నేను వ్రాసిన ఒక్క వాక్యము ఒక కుటుంబమునకు ఆరేండ్ల వ్యాజ్యము తెచ్చిపెట్టినది. ముందుగా ఆ సంగతి విన్నవించుకొందును.

1998లో అన్నదమ్ములిద్దరు పొలము పంచుకొనిరి. పంపకపు కాగితము వ్రాసినవాడను నేనే. బావి అన్న వాటాలో పడినది. తమ్ముని పొలమునకు కూడ ఆ నీరే ఆధారము. అప్పుడు నేను వ్రాసిన వాక్యమిది: “అన్న తన బావినుండి తమ్మునికి నీరు ఇచ్చుచుండవలెను, మోటారు చెడిపోయినయెడల మరమ్మతు ఖర్చు అతడు భరించవలెను.” వ్రాసి, గట్టిగా చదివి వినిపించితిని. ఇద్దరును తల ఊపిరి. సాక్షులు సంతకములు చేసిరి. అందరము టీ త్రాగి లేచితిమి.

2005 వేసవిలో మోటారు కాలిపోయెను. “అతడు” అనగా తమ్ముడే, నీరు వాడుకొనువాడే ఖర్చు పెట్టుకొనవలెనని అన్న వాదించెను. “అతడు” అనగా అన్నయే, బావి ఎవరిదో మోటారు భారము వారిదేయని తమ్ముడు వాదించెను. ఇద్దరును కాగితము తెచ్చి నా ముందు పరచిరి. “అన్నా, రాసింది నువ్వే గద! అతడంటే ఎవలో అదిగూడ నువ్వే చెప్పు” అని చిన్నవాడు అడిగెను. నేను కాగితము వైపు చూచితిని. ఏడేండ్ల క్రిందట ఆ మాట వ్రాయునప్పుడు నా మనస్సులో ఉన్నది ఎవరో నాకే జ్ఞప్తికి రాలేదు. ఒకనిపేరు చెప్పినచో రెండవవానికి అన్యాయము చేసినవాడనగుదునేమో యని నోరు మెదపలేకపోతిని.

వారు కోర్టుకెక్కిరి. వాయిదా రోజున ఇద్దరును ఒకే బస్సులో ఎల్బీనగర్‌కు పోవుట, ఒకరి ముఖము ఒకరు చూడక తిరిగి వచ్చుట, ఇట్లు ఆరేండ్లు గడచినవి. మోటారు మరమ్మతు కొన్ని వేలతో తీరెడిది. వ్యాజ్యమునకై చెరియొక అరయెకరము అమ్ముకొనిరి. ఆ నేలలో నేడు ప్లాట్ల హద్దురాళ్లు ఉన్నవి. “అతడు” అను చోట “తమ్ముడు” అని వ్రాసియుండినచో ఈ కథయే లేదు. “అతడు” మూడక్షరములు. “తమ్ముడు” కూడ మూడక్షరములే. నాకొక్క అక్షరమైనను అధికముగా ఖర్చయ్యెడిది కాదు.

ఆనాటినుండి, వాక్యము చెడుట ఎక్కడ మొదలగునో తెలిసికొనవలెనని నాకు పట్టుదల కలిగెను. లెక్కలవానికి తప్పు ఎక్కడ పడినదో దొరకువరకు నిద్ర పట్టదు గదా! వెదకగా వెదకగా, సమాధానము మన పెద్దల పుస్తకములలోనే ఉన్నది. అన్నంభట్టు మన ఆంధ్రుడు. ఆయన తర్కసంగ్రహమను చిన్న పుస్తకము వ్రాసెను. దేశమందంతట న్యాయశాస్త్రము నేర్చుకొను విద్యార్థులు తొలుత చదువునది అదియే. వాక్యార్థము తెలియుటకు మూడు కావలెనని ఆయన చెప్పెను: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. పేర్లు విని భయపడనక్కరలేదు. ఈ మూడును మన ఊరి కాగితములలోనే చూపించెదను.

మొదటిది ఆకాంక్ష. అనగా ఒక మాట మరియొక మాట కొరకు ఎదురు చూచుట. “ఇచ్చెను” అనగానే ఎవరు, ఎవరికి, ఏమి అని మనస్సు అడుగును. ఆ ప్రశ్నలకు జవాబు వచ్చినప్పుడే వాక్యము పూర్తియైనది. మన ఊరిలో వ్రాసికొను రసీదులను చూడుడు. “రూ. 5,000 ముట్టినవి” అని వ్రాసి క్రింద సంతకము. ఎవరినుండి ముట్టినవి? ఏ తేదిన? అసలు క్రిందనా, వడ్డీ క్రిందనా? ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును బ్రతికియుండి, స్నేహముగా ఉన్నంతకాలము ఆ రసీదు చెల్లును. వారిలో ఒకరు పోయిన మరునాడు అది చిత్తుకాగితము. రోకడ పుస్తకములో పద్దు వ్రాయునప్పుడు తేది, పేరు, కారణము, మొత్తము అను నాలుగును లేనిదే కలము ఎత్తకూడదని మా తండ్రిగారు నేర్పిరి. వాక్యమునకును అదియే నియమము.

రెండవది యోగ్యత. మాటలు చెప్పుచున్నది జరుగదగినదిగా ఉండవలెను. “నిప్పుతో తడుపుము” అనునది శాస్త్రమునందలి పాత ఉదాహరణము. వ్యాకరణము సరిగానే ఉన్నది, పని మాత్రము జరుగదు. అట్టి వాక్యములు నేడు లేవా? మన పిల్లలు పోటీపరీక్షల శిక్షణకై దిల్‌సుఖ్‌నగర్‌కు పోవుచున్నారు. అచట మెట్రో వంతెనకు రెండు ప్రక్కల మేడల నిండ బోర్డులే. ముప్పది దినములలో ఇంగ్లీషు, అరువది దినములలో ఉద్యోగము అను తీరు మాటలు వానిలో తరచుగా కనబడును. ఏ సంస్థనో నిందించుట నా అభిప్రాయము కాదు. చదువువాడు, “ఇది జరుగునా? ఎవరికి జరిగినది? ఎట్లు జరిగినది?” అని వాక్యమును ప్రశ్నించుట నేర్చినచో, ఆ పరీక్షలన్నిటికంటె ముందు పరీక్షలో నెగ్గినట్లే. మనము వ్రాయునప్పుడును అంతే. “ఆజన్మాంతము ఋణపడి ఉండగలము” అని వ్రాయుటకంటె “పంట అమ్మిన పదిదినములలో చెల్లించెదను” అని వ్రాయుట మేలు.

మూడవది సన్నిధి. సంబంధమున్న మాటలు దగ్గరగా ఉండవలెను. ఇది తప్పినప్పుడు దూరాన్వయమను దోషము కలుగును. “నిన్న కూలిన గోడను చూచుటకు ఇంజనీరు వచ్చెను” అని ఒక అర్జీలో ఉండెను. గోడ నిన్న కూలినదా? ఇంజనీరు నిన్న వచ్చెనా? రెండు విధములను చదువవచ్చును. “గోడ సోమవారమున కూలినది. ఇంజనీరు మంగళవారమున వచ్చి చూచెను” అని విడదీసినచో చిక్కు విడిపోవును.

మన తెలుగువారికి సన్నిధి విషయములో మరింత జాగ్రత్త అవసరము. తెలుగులో క్రియ వాక్యము చివర వచ్చును. అది వచ్చువరకు చదువరి ముందటి మాటలన్నిటిని తలపై గంపవలె మోయుచునే ఉండవలెను. నాలుగు మాటలైన సుళువుగా మోయును. “అగుచు”, “ఉన్నట్టి”, “అయినందున”, “కావున” అని నలుబది మాటలు పేర్చినచో, క్రియ దొరకునప్పటికి గంపలోని సగము సరుకు దారిలోనే రాలిపోవును. కావున తెలుగులో చిన్న వాక్యము సొగసు కొరకు కాదు, చదువరి మెడ కొరకు.

ఒక అర్జీని మీకు చదివి వినిపింతును. ఇటువంటివి నేనే వందలు వ్రాసియుంటిని:

“ఈ గ్రామ నివాసులమగు మేము తమ సముఖమునకు సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా, గత వర్షాకాలమున కురిసిన భారీ వర్షముల కారణముగా మా గ్రామమునుండి ప్రధాన రహదారికి పోవు మార్గమునందున్నట్టి కల్వర్టు దెబ్బతినుట జరిగినందున, విద్యార్థులు, వృద్ధులు మొదలగువారు రాకపోకలు సాగించుటకు వీలులేక పెక్కు ఇబ్బందులకు గురియగుచున్నందున, తాము తక్షణమే తగు చర్యలు గైకొనవలసినదిగా ప్రార్థించుచున్నాము.”

ఇదంతయు ఒకే వాక్యము. ఇప్పుడు దీనిని మార్చి చదివెదను:

“మా ఊరినుండి పెద్దరోడ్డుకు పోవు దారిలో కల్వర్టు కూలినది. నలుబదిమంది బడిపిల్లలు రోజూ వాగులో దిగి పోవుచున్నారు. రాబోవు వానలకు ముందే దానిని తిరిగి కట్టించవలెనని కోరుచున్నాము.”

రెండవది చిన్నది. అయినను దానిలో మొదటిదానిలో లేని మూడు సంగతులు ఉన్నవి. పిల్లలు ఎందరో ఉన్నది. వారు ఎటు పోవుచున్నారో ఉన్నది. పని ఎప్పటికి కావలెనో ఉన్నది. మొదటి అర్జీని అందుకొన్న అధికారి, “తగు చర్యలు తీసికొనబడును” అని జవాబిచ్చి ఫైలు మూసినచో ఆయన తప్పేమి? మనము అడిగినది అదియే గదా! పొడుగు వాక్యమున మాటలు ఎక్కువగా ఉండుటచే సంగతి కూడ ఎక్కువగా ఉన్నదని భ్రమపడుదుము. సంగతి లేనప్పుడే మాటలు పెరుగును. వోచరు లేని ఖర్చును లెక్కలో వ్రాసినట్లుండును.

ఇచట రెండు చీడలను ప్రత్యేకముగా చెప్పవలెను. ఒకటి “జరిగినది.” “పరిశీలన చేయుట జరిగినది”, “సమావేశము నిర్వహించుట జరిగినది” అని వ్రాయుదురు. “పరిశీలించితిమి”, “సమావేశమైతిమి” అన్నచో ఏమి లోటు? లోటు ఉన్నది. “పరిశీలించితిమి” అన్నచో చేసినవాడు దొరకిపోవును. “జరిగినది” అన్నచో వాన కురిసినట్లు, గాలి వీచినట్లు దానంతట అదియే జరిగిపోవును. రెండవ చీడ “బడినది.” కర్మణి ప్రయోగము తెలుగునకు సహజముగా అరుదు. మనము దానిని కచేరీ కాగితములలో పంటవలె పెంచితిమి. “సొమ్ము చెల్లింపబడినది” అని ఒక పద్దు చూచినప్పుడు లెక్కల తనిఖీదారు మొదట అడుగు ప్రశ్న, “చెల్లించినది ఎవరు?” అనియే. కర్తను దాచిన వాక్యమున ఏదో ఒకటి దాగియున్నదని నా ముప్పది సంవత్సరముల అనుభవము.

ఇట్లు చెప్పగానే కొందరు మిత్రులు, “సంస్కృతపు మాటలు, ఉర్దూ మాటలు, ఇంగ్లీషు మాటలు తీసివేసినచో వాక్యము తేటపడును” అందురు. నేను ఒప్పుకొనను. నిజాము పాలనలో 1880ల నుండి కచేరీ భాష ఉర్దూ, అంతకు ముందు ఫారసీ. తన భూమి కాగితమును తాను చదువుకొనలేక రైతు పరులపై ఆధారపడిన మాట నిజము. ఆ బాధ గొప్పది. కాని ఆ కాలమునుండి మిగిలిన పహాణీ, పట్టా, ఫైసలు, వసూలు, బాకీ అను మాటలు నేడు తెలియని రైతు లేడు. పహాణీని తీసివేసి మరియొక సంస్కృత సమాసమును పెట్టినచో మన ఊరిలో ఎవరికి బోధపడును? ఊరు వాడుకొను మాట ఊరి మాటయే, అది ఎచటినుండి వచ్చినను సరే. వాక్యమును చెడగొట్టునది మాట పుట్టిన చోటు కాదు, మాట కూర్చున్న చోటు.

ఈ సత్యమును మనకు నేర్పిన పెద్దలు ఉన్నారు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి, ఎవరును పలుకని భాషలో పిల్లలచే వ్రాయించుట వలన చదువే వెనుకబడుచున్నదని కనుగొనిరి. ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేదిని మనము తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. నేను వ్రాయు ఈ పాత బాణీ తెలుగు ఆయనకు నచ్చకపోవచ్చును. భారతము చదివి నేర్చినవాడను, చేయి అటే పోవుచున్నది. మీరు నా బాణీని అనుసరింపనక్కరలేదు, నేను చెప్పిన సంగతిని గ్రహించిన చాలును. ఇక మన హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను నడుపనారంభించిరి. తెలుగు చదువువారే తక్కువగా ఉన్న రోజులలో, పల్లెవానికి అర్థమగు తెలుగు పత్రిక కావలెనని వారు పూనుకొనిరి. 1966లో తెలుగును అధికార భాషగా చేయు చట్టము వచ్చినది. 1974లో అధికార భాషా సంఘము ఏర్పడగా వావిలాల గోపాలకృష్ణయ్యగారు దానికి మొదటి అధ్యక్షులైరి. చట్టము భాషను కచేరీలోనికి తెచ్చినది. స్పష్టతను మాత్రము ఏ చట్టమును తేలేదు. అది వ్రాయువాని చేతిలోని పని.

పూర్వకవులు మాత్రము పొడుగు సమాసములు వ్రాయలేదా యని మీరు అడుగవచ్చును. వ్రాసిరి. ప్రబంధమున వసంతవర్ణనము వేరు, పంపకపు కాగితము వేరు. అయినను ఒక మాట గమనింపుడు. నన్నయ తన కవిత్వ గుణములను చెప్పుకొనునప్పుడు ప్రసన్నతనే ముందు పేర్కొనెను. అక్షరముల సొగసు దాని తరువాతనే. తిక్కన పాత్రలు సభలో మాటలాడునప్పుడు చూడుడు. కోపము వచ్చినవాని మాట చిన్నదగును, దుఃఖము వచ్చినవాని మాట ఇంకను చిన్నదగును. మనిషి నిజముగా చెప్పదలచినప్పుడు వాక్యము తనంతట తానే కురుచనగును.

కురుచదనమునకును ఒక హద్దు ఉన్నది. సూత్రమునకు పెద్దలు లక్షణము చెప్పుచు, అక్షరములు తక్కువగా ఉండవలెను, సందేహము ఉండరాదు అనిరి. ఈ రెండును కలిసియే లక్షణము. మనము మొదటి సగము పట్టుకొని రెండవ సగము విడిచినచో “రూ. 5,000 ముట్టినవి” అను రసీదు తయారగును. నా “అతడు” కూడ చిన్న మాటయే. చిన్నదగుటచేత అది ఎవరిని కాపాడినది? కావున మొదట స్పష్టత, తరువాత క్లుప్తత. తమ్ముడు అను మాట ఒకే వాక్యమున రెండుసార్లు వచ్చినచో పునరుక్తి యని జంకవలదు. కావ్యమున పునరుక్తి దోషము కావచ్చును, దస్తావేజులో అది కంచె.

సందేహము లేని చిన్న వాక్యము ఎట్లుండునో చూడవలెనన్న ఎల్బీనగర్ మెట్రో స్టేషనుకు పొండు. 2018లో అమీర్‌పేటనుండి ఎల్బీనగర్ వరకు ఆ రైలు వచ్చినది. పసుపు గీత దాటవలదనియు, దిగవలసిన స్టేషను ఏదనియు, తలుపులు ఏ వైపున తెరచుకొనుననియు అచట రెండు మూడు మాటలలో చెప్పుదురు. పల్లెనుండి మొదటిసారి వచ్చిన ముసలమ్మయు ఎవరిని అడుగక దిగిపోవుచున్నది. తప్పుగా అర్థము చేసికొన్నచో ప్రమాదమని తెలిసినవారు వాక్యమును జాగ్రత్తగా వ్రాయుదురు. భూమి కాగితమునందును, అప్పుపత్రమునందును తప్పుగా అర్థమైనచో ప్రమాదమే. అది కొంత ఆలస్యముగా వచ్చును, అంతే భేదము.

నేడు ఈ సంగతి మునుపటికంటె ముఖ్యమైనది. 2020లో ధరణి వచ్చినది. 2025లో భూభారతి చట్టము అమలునకు వచ్చినది. అర్జీ కంప్యూటరులోనికి పోవుచున్నది. పూర్వము అర్జీ చేతబట్టి తహసీలు కచేరీలో నిలబడి, “అయ్యా, దీని భావమిది” అని నోటితో సరిదిద్దుకొను వీలుండెను. ఇప్పుడు మనము ఇంటనుండగా మన వాక్యము ఒంటరిగా పోయి, మనలను ఎరుగని వాని ముందు నిలుచును. అక్కడ దానికి తోడు ఎవరును ఉండరు. అది తానే మాటలాడవలెను.

చివరగా నేను పాటించుచున్న ఒక్క పద్ధతిని చెప్పి ముగించెదను. కాగితము వ్రాసిన తరువాత, ఆ వ్యవహారముతో సంబంధము లేని ఒకరిని కూర్చుండబెట్టి చదివి వినిపింతును. “అర్థమైనదా?” అని అడుగను. ఆ ప్రశ్నకు మన ఊరిలో ఎవరును కాదనరు. 1998లో అన్నదమ్ములిద్దరును తల ఊపినది ఆ ప్రశ్నకే. “నీకు ఏమి అర్థమైనదో నీ మాటలలో చెప్పుము” అని అడుగుదును. వారు చెప్పినది నేను వ్రాసినదానికి సరిపోయిననే సంతకము. సరిపోకున్న తప్పు వారిది కాదు, నాది. కాగితము చింపి మరల వ్రాయుదును. మా ఇంట ఈ పని ఎక్కువగా మా అమ్మగారిపై పడుచున్నది. ఆమెకు అక్షరములు రావు. ఆమె పట్టిన తప్పులు నేను చదివిన ఏ వ్యాకరణమును పట్టలేదు.

కార్యవర్గమువారికి నాదొక మనవి. మన గ్రంథాలయములో ప్రతి ఆదివారము ఉదయము ఒక బల్ల, రెండు కుర్చీలు ఈ పనికి కేటాయింపుడు. ఎవరైనను తమ అర్జీనో, ఒప్పందమునో సంతకమునకు ముందే తెచ్చుకొని చదివించుకొందురు. దిల్‌సుఖ్‌నగర్‌లో చదువుకొను మన పిల్లలు సెలవునకు వచ్చినప్పుడు ఆ బల్లవద్ద కూర్చుండిన, ఊరికి సాయమగును, వారి వ్యాసరచనకు సాధనయు అగును. నా ఓపిక ఉన్నంతకాలము ఒక కుర్చీలో నేను కూర్చుందును.

ఆ అన్నదమ్ములలో పెద్దవాడు నేడు లేడు. చిన్నవాడు ఈ సభలోనే ఉన్నాడు. ఆయన అనుమతి పొందియే ఈ సంగతి మీ ముందు చెప్పితిని. “చెప్పు అన్నా, ఇంకొక ఇంట్ల గట్ల గావద్దు” అని ఆయన అనెను. ఆ మాటలో ఎవరు, ఏమి, ఎందుకు అను సందేహము ఎవరికిని కలుగదు. నేను ఇంతసేపు చెప్పినదంతయు అంతకంటె బాగుగా చెప్పలేకపోతిని.